మెట్లు లేని బండి

నా ఉపన్యాసం విని నా కాళ్లకు దండం పెట్టినవాళ్లున్నారు. మెచ్చుకుని కాదు, భక్తితో. గాల్లోంచి బూడిద తీసే బాబాలను నమ్మవద్దని సాయంత్రమంతా గొంతు చించుకుని, మైకు ఆపి మా బండి మెట్లు దిగుతుంటే, నవీపేట్ దగ్గర ఒక ఊళ్లో ఒక అవ్వ కొంగు పట్టుకుని ఎదురొచ్చింది.

"గింత బూడిద నాక్కూడ పెట్టు నాయినా, మోకాళ్లకు రాసుకుంట" అంది.

బూడిద గుట్టు అప్పటికే విప్పి చెప్పాను. పిడకల బూడిదను గంజిలో కలిపి, గోలీలంత ఉండలు చేసి ఎండబెట్టాలి. ఒక ఉండను బొటనవేలి మొదట్లో ఇరికించుకోవాలి. చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పుతూ దాన్ని నలిపితే బూడిద రాలుతుంది. అంతే విద్య. అదే మాట అవ్వకు మళ్లీ చెప్పాను.

"అవ్వా, ఇది గంజి బూడిద. మా ఇంట్ల నేనే చేసిన."

"నువ్వు చేసిందే గద నాయినా, అందుకే అడుగుతున్న."

ఉండల డబ్బా మూత బిగించి సంచిలో పడేశాను.

మాది నిజామాబాద్. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నా సహచరి సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, మార్కెట్‌కు తోలాక ఊళ్లలో కొంత తీరిక దొరుకుతుంది. అప్పటినుంచి వానలు పడేదాకా ఊరూరా తిరిగి బాణామతి, దిష్టి, బాబాల మహిమల సంగతి విప్పి చూపించడం మేమిద్దరం పెట్టుకున్న పని. మైకు పట్టేది నేను. అసలు పని ఆమెది. మైకు ముందు ఏ ఆడమనిషీ నోరు తెరవదు. సభ అయిపోయాక బండి వెనక్కి వచ్చి, ఆమె పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడుగుతారు. కోడలికి గాలి సోకిందంటున్నారు, మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవాలా, పెద్దాసుపత్రికా అని. ఒక్క ఆడమనిషి మంత్రగాడిని వదిలి ఆసుపత్రి బస్సెక్కితే చాలు, నా ఉపన్యాసాలన్నీ గాలికి పోయినా నాకు బాధ లేదు.

ఆ పనికే బండి కావలసి వచ్చింది. మొదట్లో ఎవరో ఒకరి ఇంట్లో దిగేవాళ్లం. ఎవరింట్లో దిగితే వాళ్ల కులం మా మీద పడేది. పెద్ద రైతు ఇంట్లో దిగితే దళితవాడవాళ్లు రారు. వాడలో దిగితే పెద్ద రైతులు రారు. సర్పంచ్ ఇంట్లో దిగితే, పోయినసారి ఓడిపోయినాయన తన మనుషులనందరినీ ఇళ్లలోనే కూర్చోబెట్టుకునేవాడు. ఎవరి అన్నమూ తినని, ఎవరి అరుగూ ఎక్కని ఒక గది మాకు కావాలనుకున్నాను. చక్రాలున్న గది.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఒకటి ఉంది. అక్కడి మేస్త్రి చెరుకు ట్రాలీ చాసిస్ మీద రేకుల గది కట్టిచ్చాడు. లోపల మంచం, పుస్తకాల అర, రాసుకునే బల్ల, వంట గట్టు, మూలకు బాత్రూం. మా బొలెరో మూలుగుతూ దాన్ని లాగేది. దానికి తెల్ల రంగు వేయించాను. తెలుపు ఏ పార్టీదీ కాదు, ఏ మతానిదీ కాదని నా లెక్క. ట్రాలీ చక్రాలు పెద్దవి కాబట్టి గది తలుపు ఎత్తులో వచ్చింది. అందుకని ఇనుప మెట్లు, పక్కన పట్టుకోను కమ్మీ. పైమెట్టు మీద నిలబడి మాట్లాడితే చివర నిలబడ్డవాడికీ నేను కనబడతాను. వేదికకు వేదిక కూడా దొరికిందని సంబరపడ్డాను.

తెల్లటి పెద్ద బండి, ఎత్తయిన మెట్లు, పైన లైటు, లైటు కింద ఒక ముసలాయన, ఆయన చేతిలోంచి రాలే బూడిద. ఇన్నీ ఒకచోట చేరితే మన జిల్లాలో దాన్నేమంటారో వేరే చెప్పాలా. సభకు ఆలస్యంగా వచ్చినవాళ్లు బూడిద చూశారు, గుట్టు వినలేదు. మొదటినుంచీ ఉన్నవాళ్లు గుట్టు కూడా విన్నారు. విని, ఈయన సామాన్యుడు కాదు, తన మహిమను తానే దాచుకుంటున్నాడు అనుకున్నారు. రెండో ఏడు బండి చక్రాల ముందు కొబ్బరికాయలు కొట్టడం మొదలైంది. బాల్కొండ వైపు ఒక ఊళ్లో తెల్లారి లేచి చూస్తే బండి కొక్కేనికి పసుపుగుడ్డ ముడుపు వేలాడుతోంది. విప్పితే పిడికెడు బియ్యం, ఒక రూపాయి బిళ్ల. ఎవరు కట్టారని ఊరంతా తిరిగి అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. మొక్కు ఎవరిదో చెబితే ఫలించదట.

నేను కోపంతో ఊగిపోతుంటే, నా సహచరి ముడుపు బియ్యం కోళ్లకు చల్లి, మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఊరి మీద ఎందుకు ఎగురుతవు?" అంది. "గా పైమెట్టు మీద నిలవడి మాట్లాడుతవు. కిందున్నోళ్లకు ముందుగాల నీ కాళ్లే కనబడ్తయి. కాళ్లు కనబడితే మనోళ్లు దండం పెడ్తరు, ఇంకేం చేస్తరు?"

"ఎత్తు మీద లేకపోతే ఎనకున్నోళ్లకు ఎట్ల కనబడాలె నేను?"

"నువ్వు కనబడుడు ఎందుకు, వినబడితే సాలదా? మైకు దేనికి మరి?"

ఆమె మాట అంతటితో ఆగలేదు. ఆ మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు వాచాయంది. వచ్చే ఏడు ఆ మెట్లున్న బండిలో తాను రానంది. "నువ్వొక్కనివే పో. పోయి దండాలు పెట్టించుకోని రా."

అన్నంత పనీ చేసింది. మరుసటి ఏడు పసుపు పనులు అయిపోతుండగా, ఆమె లేకుండా నేనొక్కణ్ణే కమ్మర్‌పల్లి వైపు ఒక ఊరికి పోయాను. సభకు జనం బాగానే వచ్చారు. అయిపోయాక నలుగురైదుగురు ఆడవాళ్లు అలవాటుగా బండి వెనక్కి నడిచారు. అక్కడ ఖాళీ కుర్చీ చూశారు. "నర్సమ్మ రాలేదా సార్?" అని అడిగారు. ఏమైనా అడగాలంటే నన్నడగండి అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏం లేదు సార్, ఊకెనే అచ్చినం, అని వెళ్లిపోయారు. ఆ ఊకెనే వచ్చినవాళ్లలో ఎవరి కోడలికి గాలి సోకిందో, ఎవరి బిడ్డ మెడలో తాయెత్తు కట్టి జ్వరం తగ్గుతుందని కూర్చున్నారో నాకు తెలియకుండా పోయింది. ఆమె వస్తేనే ఈ తిరుగుడుకు అర్థం. లేకపోతే నేను కూడా మెట్ల మీద నిలబడి బూడిద తీసే ముసలాణ్ణే.

ఉన్న మెట్లు తగ్గించలేవా అని మేస్త్రిని అడిగాను. చక్రాలు అవే ఉంటే ఎత్తు అదే ఉంటుందన్నాడు. చివరికి ముగ్గురం కూర్చుని చిన్న బండి ఒకటి ఆలోచించాం. ముందు సగం రేకు డబ్బా, వెనక సగం టార్పాలిన్ గుడారం. ఆగినచోట పడక సొరుగులా బయటికి జారుతుంది, దాని మీద గుడారం లేస్తుంది. చిన్న చక్రాలు, నేలకు దగ్గరగా అడుగు పలక. మోకాలు పెద్దగా వంచకుండా లోపలికి అడుగు పెట్టవచ్చు.

"హైబ్రిడ్ బండి సార్ ఇది" అన్నాడు మేస్త్రి. "ఇంటికి ఇల్లు, డేరాకు డేరా."

"మక్కల హైబ్రిడ్ గింజలు అమ్మేటోడు గూడ గిట్లనే చెప్పిండు మా అన్నకు" అంది నా సహచరి. "కంకులు పెద్దగనే అచ్చినయి, గింజనే లేదు."

మేస్త్రి పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చిన్న బండిలో పుస్తకాల అర లేదు. బల్ల లేదు. ఎన్నో ఏళ్లుగా కూడబెట్టిన పత్రికల కత్తిరింపులకు చోటు లేదు. వాటిలోంచి ఏవి తీసుకుపోవాలో ఏరుతూ కూర్చుంటే, ఏ వాదాన్ని ఇంట్లో వదిలి ఏ వాదంతో పోవాలో తేల్చుకోమన్నట్టుంది. బాత్రూం లేదని కూడా గొడవ పెట్టాను. పక్కన నిలబెట్టుకునే పరదా గది ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటానంది ఆమె. ఊళ్లలో బిడ్డల పురుళ్లు పోసినదానికి ఏ ఇంట్లోనైనా ఆ చోటు దొరుకుతుందట.

బండి తయారైంది, కానీ మా చేతికి రాలేదు. పాత బండిని బదులు తీసుకుంటానని మేస్త్రి ముందే ఒప్పుకున్నాడు. అయితే దానికి కొనేవాడు దొరకాలి, లేకపోతే షెడ్డులో మరో లారీకి చోటుండదు. అది కదిలితేనే ఇది కదులుతుందన్నాడు. న్యాయమే. వానాకాలం దగ్గరపడుతోంది. ఆమె సంచి సర్దుకుని ఎదురుచూస్తోంది.

నేను తిరగని చోటు లేదు. ఊరి గ్రంథాలయానికి పనికొస్తుందేమో అడిగాను. బడిపిల్లలకు సైన్సు చూపించే బండిగా వాడుకోమని నాకు తెలిసిన టీచర్లనడిగాను. అందరూ మంచి ఆలోచన సార్ అన్నారు. మన సమాజంలో మంచి ఆలోచన అనే మాటకు అర్థం ఒకటే. ఆ పని మేం చెయ్యం అని. సభల్లో చప్పట్లు కొట్టిన చేతులు, బండి కొక్కెం పట్టుకోమంటే జేబుల్లోకి పోయాయి.

కొంటానని వచ్చినవాడు ఒక్కడే. ఒక స్వామివారి ఆశ్రమం తరఫు మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెత్తని మాట. బండి చుట్టూ తిరిగాడు, మెట్లెక్కాడు, కమ్మీ మీద చెయ్యి వేసి పైనుంచి షెడ్డంతా ఒకసారి చూశాడు. చూసి, తృప్తిగా తలూపాడు.

"ఈ బండికి మంచి పేరున్నది సార్" అన్నాడు దిగుతూ. "నవీపేట్ సైడు జనం దీనికి దండం పెడ్తరంట గద."

"గా దండాలు వద్దనే అమ్ముతున్న."

"మీకు వద్దు, మాకు కావాలె. ఇద్దరి పనీ అయితది గద సార్."

మేస్త్రికి ఆ మాట నచ్చింది. నన్ను పక్కకు తీసుకుపోయాడు. "సార్, రేకుల ఏం మహిమ ఉండదని మీరే గద అంటరు. మహిమ లేని రేకును ఎవలకు అమ్మితే ఏంది? మనకు జాగ ఖాళీ అయితది, మేడమ్‌కు బండి దొరుకుతది."

వేదికల మీద పండితులతో వాదించినవాణ్ణి. ఇప్పుడు గ్రైండర్ మోతలో, వెల్డింగ్ పొగలో, ఈ మనిషి నా వాదాన్నే తెచ్చి నా ఎదుట పెట్టాడు.

"రేకుల మహిమ లేదు" అన్నాను. "రేకు అమ్ముత. దానికి పెట్టిన దండాలను అమ్మను. వాటికి నేను ఓనర్ను కాదు."

"దండాలు రేకును ఇడిసి ఎటు పోతయి సార్?" అన్నాడు మేస్త్రి విసుగ్గా. "అంటుకున్న రంగు అసొంటియి అవి."

ఆశ్రమం మనిషి నవ్వుతూనే పోయాడు. మనసు మారితే చెప్పమన్నాడు. ఇంటికొచ్చి జరిగింది నా సహచరికి చెప్పాను. "వానికి అమ్మకు. గానీ వానలు నీ కోసం ఆగయి, అది గూడ యాది పెట్టుకో" అంది. ఆ రెండు మాటల మధ్య నలిగాను. అమ్మితే అవే మెట్ల మీద ఇంకొకడు నిలబడి, గంజి సంగతి చెప్పకుండా అదే బూడిద రాలుస్తాడు. పోయినేడు ఇక్కడే తీసుకున్నాం కదా అని జనం చేతులు చాస్తారు. అమ్మకపోతే ఆమె గడప దాటదు. తెలుపు ఏ మతానిదీ కాదన్న నా లెక్క మీద నాకే అసహ్యం పుట్టింది.

ఆఖరికి బోధన్ అవతలినుంచి ఒక చెరుకు రైతు వచ్చాడు. వాళ్ల తాతల కాలంలో కోస్తానుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. తలకు తువ్వాలు చుట్టుకుని బండి కింద దూరి, చాసిస్‌ను వేళ్లతో తట్టి చూసి బయటికొచ్చాడు.

"కింద భాగం మటుకు ఇస్తారా అండి? చెరుక్కి బాగుంటది. పైన గది నాకెందుకండీ, చెరుకేమన్నా మంచమెక్కి పడుకుంటదా?"

గది తీసెయ్యాలంటే గ్యాస్ కట్టర్‌తో కొయ్యాలి. విప్పి వేరేచోట బిగించేటట్టు కట్టింది కాదు. కోసినది మళ్లీ గది కాదు, తుక్కు. మేస్త్రి నా మొహం చూశాడు. నిండు బండిని అడిగినవాడికి ఇవ్వక, ముక్కలు చేసి ఇస్తావా అని ఆ చూపు. పక్కన స్టూలు మీద కూర్చున్న నా సహచరి వైపు చూశాను.

"నన్ను చూడకు" అంది. "మెట్లు ఎక్కినోనివి నువ్వు. నువ్వే చెప్పు."

"కొయ్యండి" అన్నాను.

ముందు మెట్లే కోశారు. నిప్పురవ్వలు ఎగిరి తెల్ల రంగు బుడగలు కట్టి నల్లబడింది. ఆ తర్వాత పుస్తకాల అర ఉన్న గోడ. ఇష్టపడి కొలతలిచ్చి కట్టించుకున్న గోడ అది. కిటికీ ఇంత వెడల్పు ఉండాలని మేస్త్రితో పోట్లాడి పెట్టించుకున్నాను. ఆ కిటికీ నేలమీద పడితే గాజు పగల్లేదు, చట్రం వంకరపోయింది. నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. దండాలు పెట్టినవాళ్ల మీద, చప్పట్లు కొట్టి మాయమైనవాళ్ల మీద, తృప్తిగా తలూపిన ఆ ఇస్త్రీ చొక్కా మీద. రైతు మాత్రం నిమ్మళంగా మెట్లను పక్కకు లాక్కున్నాడు.

"ఇవి కూడా ఇప్పించండి. కూలీలు లోడు మీదికి ఎక్కడానికి పనికొస్తాయి."

తీసుకుపొమ్మన్నాను. చెరుకు మోసేవాళ్లు ఎక్కితే ఆ మెట్లకు ఏ దోషమూ లేదు.

కొత్త బండి చేతికొచ్చిన రోజు దాని ముందు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టి ఉన్నాయి. ఎవరు కట్టారని అడిగితే మేస్త్రి వెల్డింగ్ అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను తెంపితే, నా సహచరి నిమ్మకాయ తీసుకుని షెడ్డులోనే షర్బత్ కలిపి మేస్త్రికి ఒక గ్లాసు ఇచ్చింది. "దిష్టి మొత్తం నీ కడుపుల పడ్డది ఇగ" అంది. ఆయన తాగాడు.

మొదట నవీపేట్ దగ్గరి ఆ ఊరికే పోయాం. గోదావరి వైపునుంచి గాలి ఒకటే వీస్తోంది. నేను గుడారం ఒకవైపు కట్టేసరికి రెండోవైపు లేచి నా మొహం మీద కొట్టింది. మేకు నేలలో దిగదు. దిగితే తాడు చాలదు. రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగి ఒక మాట అనేసి పోతున్నారు.

"ఏం సార్, సర్కస్ దింపినవా?"

"టెంట్ హౌస్ పెట్టినవా సార్? పెండ్లికి కుర్చీలిస్తవా?"

"పాత బండి ఏమాయె? అమ్ముకున్నవా?"

పోయినేడు చేతులు జోడించిన మనుషులే వీళ్లు. దండాలు పోయినందుకు సంతోషించాలని నాకు తెలుసు. కానీ తాడు ముడి పడక వేళ్లు మండుతున్న మనిషికి సంతోషం అంత తొందరగా రాదు. జనం కూడా సగానికి సగం తగ్గారు. పైమెట్టు లేదు కాబట్టి నేను నేలమీదే నిలబడ్డాను. వెనకున్నవాళ్లకు కనబడను. వాళ్లు కాసేపు మెడలు సాచి చూసి, ఏముంది లే అని వెళ్లిపోయారు. మిగిలింది గుడారం నీడన నా సహచరి చుట్టూ చేరిన ఆడవాళ్లు, నలుగురైదుగురు మగవాళ్లు. ఆ ఆడవాళ్లలో అవ్వ కూడా ఉంది. నాకు రెండు మూరల దూరంలో చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"గా తెల్ల బండి యేది నాయినా?"

"కోసేసినం అవ్వా."

"అయ్యో, సామి బండిని ఎవలన్న కోస్తరా?"

పళ్లు కొరుక్కుని, బూడిద ఉండ బొటనవేలి మొదట్లో ఇరికించుకుని, చెయ్యి తిప్పడం మొదలుపెట్టాను.

"ఆగు" అంది అవ్వ. "గా బొటనేలు కింద తెల్లగ ఏమున్నది?"

ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ముందు నాకు చిరాకేసింది. ప్రదర్శన పాడైంది. గుట్టు నేను చెప్పాలి, వాళ్లు వినాలి. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"పోయినేడు కనబడలే" అంది అవ్వ. "పైన ఉంటివి గద. ఇటు తే, సూడనియ్యి."

నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, ఉండను తీసి, వేళ్లతో నలిపి, వాసన చూసింది. ఇంకోటి ఇమ్మంది. తన బొటనవేలి కింద పెట్టుకుంది. అది జారి చాప మీద పడింది. మరొకటి పెట్టుకుని, నాకంటే నెమ్మదిగా, నాకంటే గంభీరంగా చెయ్యి తిప్పింది. బూడిద రాలింది. పక్కనున్న కోడలు వయసు పిల్ల అలవాటుగా రెండు చేతులూ చాచింది.

అవ్వ ఆ చేతుల్లో బూడిద పోసింది. "గంజిదే పిల్లా. అయినా పెట్టుకో, ఏం పోతది?"

నా కోపం మళ్లీ నెత్తికెక్కింది. ఆమె ఎదురుగా చాప మీద చతికిలబడ్డాను. "ఏం పోతది అంటవేంది అవ్వా? గది పెట్టుకోని జ్వరం వచ్చిన పిల్లను ఇంట్ల కూసోబెడితే పానం పోతది."

"జ్వరమొస్తే దవాఖానకు పోతరు. బూడిద పెట్టుకున్నోళ్లకు బస్సు టికెట్ ఇయ్యడా కండక్టరు?"

"మరి బూడిద ఎందుకు?"

"మరి నువ్వెందుకు చేస్తున్నవు ఊరూరు తిరిగి?"

ఆడవాళ్లు మళ్లీ నవ్వారు. నేను గంజి దగ్గరినుంచి మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే అడ్డుపడింది. నేను మళ్లీ మొదలుపెట్టాను. మైకు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ఇంతలో కోడలు వయసు పిల్ల బూడిద చేతులు కొంగుకు తుడుచుకుని, లేచి గుడారంలోకి పోయి, పడక అంచున నా సహచరి పక్కన కూర్చుని ఏదో చెబుతోంది. నా సహచరి పాదాలు నేలకు ఆని ఉన్నాయి. ఆమె ఆ పిల్ల మణికట్టు పట్టుకుని వింటోంది. చాలాసేపటి తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ పిల్లను పొద్దున నిజామాబాద్ పెద్ద దవాఖానకు తోలుకపోవాలె" అంది. "ఆ తర్వాత ఏ ఊరు మనం?"

"ముందు ఈ అవ్వ సంగతి తేలనియ్యి."

"ఈ అవ్వ సంగతి తేలాలంటే వానలు పడ్తయి" అని, ఆమె తన సంచిని పడక కిందికి తోసుకుంది.